రాత్రి ఇంటికెళ్లేవాళ్ల లెక్క

2020 సెప్టెంబరు 19న తిరుమలలో ధ్వజారోహణంతో సాలకట్ల బ్రహ్మోత్సవాలు మొదలయ్యాయి. మాడ వీధులు ఖాళీ. వాహన సేవలేవీ గుడి దాటి బయటికి రాలేదు, అన్నీ లోపలే ఏకాంతంగా జరిగాయి. కొండ కింద తిరుపతిలో ఉన్నవాళ్లు కూడా టీటీడీ టీవీ చానెల్ ఎస్వీబీసీలోనే చూసుకున్నారు. అదే రోజు రాత్రి అబుదాబిలో ఐపీఎల్ మొదలైంది. అక్కడా గ్యాలరీలు ఖాళీనే. అంబటి రాయుడు 48 బంతుల్లో 71 పరుగులు కొట్టి చెన్నైని ఒడ్డున పడేస్తుంటే టీవీలో వినిపించిన కేకలు ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్నవి.

ఏకాంతం అనేది తిరుపతిలో రోజూ వినిపించే మాట. రాత్రి గుడి మూసే ముందు జరిగేదే ఏకాంత సేవ. కరోనా కాలంలో ఆ మాటకు ఇంకో అర్థం తోడైంది: జనం లేకుండా జరిపిస్తే క్షేమంగా జరిపించినట్టే అని. ఆటల పోటీలు పెట్టేవాళ్లలోనూ చాలామంది ఇదే ధీమాతో దిగారు. గేట్లు మూసేస్తే సగం పని అయిపోయినట్టేనని అనుకున్నారు. అయ్యేది సగం కూడా కాదు. ఆ రెండేళ్లలో జరిగిన పోటీలను, మధ్యలో ఆగిపోయినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కువగా ఒకచోటే కనిపిస్తుంది. లోపల పని చేసి రాత్రి ఇంటికెళ్లి, పొద్దున్నే మళ్లీ వచ్చేవాళ్లు ఎంతమంది, వాళ్లను ఏర్పాట్లలో ఎక్కడ పెట్టారు అన్నదే ఆ తేడా.

అలాగని ప్రేక్షకులను ఆపడం దండగని కాదు. 2020 ఫిబ్రవరి 19న ఇటలీలో మిలాన్‌లోని శాన్ సిరో స్టేడియంలో అటలాంటా, వాలెన్సియా జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. అటలాంటాది బెర్గామో అనే చిన్న నగరం. అక్కణ్నుంచి దాదాపు 40 వేల మంది బస్సుల్లో, రైళ్లలో కిక్కిరిసి మిలాన్ వెళ్లారు. గొంతు పోయేలా అరిచి, గెలిచిన సంబరంలో ఒకరినొకరు వాటేసుకుని తిరిగొచ్చారు. నెల తిరిగేసరికి బెర్గామోలో శవపేటికలు పెట్టడానికి చోటు చాలక సైనిక ట్రక్కుల్లో వేరే ఊళ్లకు తరలించారు. మొత్తం నేరం ఆ ఒక్క మ్యాచ్ మీద వేయలేం. కానీ ఆ మంటకు అది ఆజ్యం పోసిందని అక్కడి వైద్యులే అన్నారు. కాబట్టి ఊళ్లో జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు గేటు మూయాల్సిందే. మూశాక ఏం చేయాలన్నదే అసలు సంగతి.

దీనికి తిరుమలే దగ్గరి ఉదాహరణ. 2020 మార్చి 20న దర్శనాలు ఆపారు. జూన్ 11న సామాన్య భక్తులకు మళ్లీ మొదలుపెట్టినప్పుడు రోజుకు సుమారు 6 వేల మందినే పంపారు. మామూలు రోజుల్లో 60, 70 వేల మంది వచ్చే చోట అది పదో వంతు. అలిపిరి దగ్గర జ్వరం చూడటం, క్యూలో ఎడం, చేతులకు శానిటైజర్, అన్నీ భక్తులను దృష్టిలో పెట్టుకుని చేసినవే. ఆగస్టు రెండో వారానికి 743 మంది టీటీడీ సిబ్బందికి కరోనా సోకినట్టు అప్పటి ఈవో ప్రకటించారు. అర్చకులు, పోటులో (గుడి వంటశాలలో) పనిచేసేవాళ్లు, భద్రతా సిబ్బంది, అన్ని విభాగాలవాళ్లూ అందులో ఉన్నారు.

ఇక్కడ తొందరపడి భక్తులకేమీ కాలేదని అనుకోకూడదు. దర్శనం చేసుకున్నవాళ్లు మర్నాటికి ఊరెళ్లిపోతారు. వారం తర్వాత జ్వరం వస్తే ఆ కేసు ఏ కర్నూలు లెక్కలోనో, వేలూరు లెక్కలోనో పడుతుంది. సిబ్బంది మాత్రం కళ్ల ముందే ఉంటారు, వాళ్లకు పరీక్షలూ ఎక్కువ జరుగుతాయి. అయినా ఒకటి స్పష్టం. భక్తుడు ఆ చోట గడిపేది కొన్ని గంటలు. సిబ్బంది రోజూ అక్కడే ఉంటారు, కలిసి తింటారు, ఒకే బస్సులో ఘాట్ రోడ్డు దిగుతారు, దిగాక తలో వీధికి వెళ్తారు. వారానికోసారి మారే డ్యూటీలను రెండు వారాలకు పొడిగించాలని అప్పట్లో తీసుకున్న నిర్ణయం వెనక ఉన్న తర్కం ఇదే. కొండ ఎక్కి దిగే సార్లు తగ్గితే వైరస్ ఎక్కి దిగే సార్లూ తగ్గుతాయి. లోపలివాళ్లను బయటివాళ్లతో కలవనీయకుండా ఉంచే ఈ పద్ధతినే ఆటల భాషలో బయో బబుల్ అంటారు.

బబుల్ అంటే అందరూ చెప్పుకొనేది అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ గురించి. 2020 మార్చి 11న ఒక ఆటగాడికి పాజిటివ్ అని తేలడంతో సీజన్ ఆపేశారు. జులై 30న ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ ఆవరణలో మళ్లీ మొదలుపెట్టి అక్టోబరు 11న ఫైనల్ ముగించారు. 22 జట్లూ అక్కడే ఉన్నాయి, అక్కడే తిన్నాయి, అక్కడే ఆడాయి. క్వారంటైన్ దాటి లోపలికి వచ్చిన ఆటగాళ్లలో ఒక్కరికీ పాజిటివ్ రాలేదు. ఖర్చు 15 కోట్ల డాలర్లకు పైనే. కెనడాలోని రెండు నగరాల్లో ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ కూడా ఇలాగే ఆడించింది. 33,174 పరీక్షలు చేస్తే పాజిటివ్ సున్నా.

ఎన్‌బీఏ గురించి చెప్పేటప్పుడు అంతగా ప్రస్తావనకు రాని విషయం ఒకటుంది. డిస్నీ ఉద్యోగుల్లో చాలామంది ఆ బబుల్‌లో నివసించలేదు. ఇంటికెళ్లి వచ్చేవాళ్లే. వాళ్లను ఆటగాళ్లకు ఎదురుపడకుండా ఉంచడం మీద ఆ ఏర్పాటు ఆధారపడింది. అంటే దారులు రెండే. పనివాళ్లనూ లోపలే ఉంచుకోవాలి, లేదంటే వాళ్లూ ఆటగాళ్లూ ఒకే సమయంలో ఒకే గాలి పీల్చకుండా చూడాలి. మూడోదారి ఒకటి మన దగ్గర బాగా నడిచింది: గేటు దగ్గర జ్వరం చూసి పంపేయడం. లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే అంటించగల జబ్బుకు అది అడ్డుకట్ట కాదు.

ఒక ఇడ్లీ ప్లేటు సంగతే చూద్దాం. తిరుపతిలో ఏదో ఒక పెద్ద హోటల్లో జట్లు దిగాయనుకుందాం. తెల్లవారి నాలుగింటికి వంటమనిషి రేణిగుంట నుంచి షేర్ ఆటోలో వస్తాడు. ఆటోలో అతనితో పాటు ఇంకో ఆరుగురు. పిండి రుబ్బి పెట్టే ఆమె తిరుచానూరు నుంచి వస్తుంది, ఆమె కొడుకు రైల్వే స్టేషన్ దగ్గర టీ కొట్టులో పని చేస్తాడు. ప్లేటు తీసుకెళ్లే కుర్రాడు చంద్రగిరి. దుప్పట్లు ఉతికేది బయట లాండ్రీ. నీళ్ల క్యాన్లు వేసే వ్యాను ఊరంతా తిరిగి చివరికి ఇక్కడికి వస్తుంది. ఇడ్లీతో వైరస్ రాదు, ఆ భయం అక్కర్లేదు. ప్లేటు పట్టుకుని గదిలోకి వచ్చి రెండు నిమిషాలు మాట్లాడే మనిషితో వస్తుంది.

లెక్క కడితే ఇంకా తేటగా కనిపిస్తుంది. ఊళ్లో ఆ వారం నూటికి ఒకరికి వైరస్ ఉందనుకుందాం. రోజూ బయటి నుంచి వచ్చేవాళ్లు 30 మందైతే, వాళ్లలో కనీసం ఒకరు వైరస్‌తో లోపలికి వచ్చే అవకాశం సుమారు 26 శాతం. వచ్చేవాళ్లు 100 మందైతే 63 శాతం. అదే ఊళ్లో వెయ్యికి ఒకరికే ఉంటే, ఆ 30 మందితో ముప్పు 3 శాతానికి పడిపోతుంది. ఈ లెక్కలో ఆటగాళ్ల సంఖ్య లేనే లేదు. ప్రేక్షకుల సంఖ్యా లేదు. ఊరి పరిస్థితి ఒకటి, రోజూ గేటు దాటేవాళ్ల సంఖ్య ఒకటి, ఈ రెండే టోర్నీ జాతకం రాస్తున్నాయి.

ఐపీఎల్ 2020లో నిలబడి 2021లో కుప్పకూలడానికి కారణం వెతికితే ఈ రెండు లెక్కలే ఎదురొస్తాయి. 2020లో మూడు మైదానాలు: దుబాయ్, అబుదాబి, షార్జా. మూడింటి మధ్యా రోడ్డు ప్రయాణమే. దిగిన రోజున, మూడో రోజున, ఆరో రోజున పరీక్షలు, ఆ తర్వాత ఐదు రోజులకోసారి. మొదలవకముందే చెన్నై శిబిరంలో ఇద్దరు ఆటగాళ్లు సహా 13 మందికి పాజిటివ్ వచ్చింది. అది క్వారంటైన్‌లోనే బయటపడింది కాబట్టి అక్కడే ఆగింది. 60 మ్యాచ్‌లూ పూర్తయ్యాయి.

2021లో అదే టోర్నీని భారత్‌లో ఆరు నగరాల్లో పెట్టారు. ఏప్రిల్ 9న తొలి మ్యాచ్. దానికి కొన్ని రోజుల ముందే ముంబై వాంఖడేలో పలువురు మైదానం సిబ్బందికి పాజిటివ్ వచ్చింది. పిచ్ మీద రోలర్ లాగేవాళ్లు, తాళ్లు కట్టేవాళ్లు వాళ్లు. హెచ్చరిక అక్కడే ఉంది. ఏప్రిల్ ఆఖరుకు దేశంలో రోజువారీ కేసులు 4 లక్షలు దాటాయి. జట్లు మాత్రం విమానాల్లో నగరం నుంచి నగరానికి తిరుగుతూనే ఉన్నాయి. మే 3న కోల్‌కతా జట్టులో ఇద్దరికి పాజిటివ్, మర్నాటికి మరో రెండు జట్ల ఆటగాళ్లకు. 29 మ్యాచ్‌ల దగ్గర టోర్నీ ఆగింది. మిగతా 31 సెప్టెంబరులో మళ్లీ యూఏఈలోనే ఆడుకున్నారు. బబుల్ నియమాలు రెండేళ్లూ కాగితం మీద ఇంచుమించు ఒకటే. బయట నీరు మోకాళ్ల దాకా ఉన్నప్పుడు పనికొచ్చిన గట్టు, నీరు తల దాటినప్పుడు పనికిరాలేదు. దానికి తోడు ఆరు చోట్ల గండి పెట్టుకున్నారు.

పరీక్షల మీద పెట్టుకునే నమ్మకం గురించీ కొంచెం చెప్పాలి. 2021 సెప్టెంబరు తర్వాత తిరుమలకు వచ్చే భక్తులు టీకా సర్టిఫికెట్ గానీ, 72 గంటల్లోపు తీసుకున్న నెగటివ్ రిపోర్టు గానీ చూపించాల్సి వచ్చింది. నెగటివ్ అంటే వైరస్ లేదని అందరూ అర్థం చేసుకున్నారు. స్వాబ్ తీసిన ఆ నిమిషానికి దొరకలేదని మాత్రమే దాని అర్థం. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి ఒక లెక్క తీశారు. సోకిన మొదటి రోజున ఆర్టీపీసీఆర్ చేస్తే దాదాపు అందరికీ నెగటివే వస్తుంది. సగటున లక్షణాలు మొదలయ్యే ఐదో రోజున కూడా నూటికి 38 మందికి నెగటివ్ రావచ్చు. అన్నిటికన్నా నికరంగా తేలేది ఎనిమిదో రోజున, అప్పుడూ 20 శాతం తప్పు. అందుకే ఒక్క రిపోర్టు చేతిలో పట్టుకుని వచ్చినవాడిని లోపలికి పంపడం కన్నా, వారం పాటు గదిలో ఉంచి మూడుసార్లు పరీక్షించడం మేలు. ఆటగాడు వారం గదిలో ఉంటాడు, అతనికి జీతం నడుస్తుంది. ఆ గది ఊడ్చే మనిషిని వారం పాటు ఎక్కడ ఉంచారు? చాలా టోర్నీల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

ఇంటికెళ్లి వచ్చేవాళ్లంటే పనివాళ్లే అనుకోవడమూ పొరపాటే. 2020 జులైలో వెస్టిండీస్‌తో టెస్టుల మధ్య ఇంగ్లండ్ పేసర్ జోఫ్రా ఆర్చర్ సౌతాంప్టన్ నుంచి మాంచెస్టర్ వెళ్తూ దారిలో తన ఇంటికి వెళ్లొచ్చాడు. రెండో టెస్టు నుంచి తీసేశారు. అందరూ కార్లలో వెళ్లే ఏర్పాటులో అలాంటి మలుపు ఎవరో ఒకరు తిరుగుతారని ముందే ఊహించాల్సింది. మెల్‌బోర్న్‌లో 2020లో వచ్చిన కరోనా రెండో ఉప్పెనకు మూలం ఆటలు కాదు, విదేశాల నుంచి వచ్చినవాళ్లను ఉంచిన క్వారంటైన్ హోటళ్లు. అక్కడి కాపలా సిబ్బంది, పనివాళ్లు డ్యూటీ ముగించుకుని ఇళ్లకెళ్లారు, వైరస్ వాళ్లతోపాటు వెళ్లింది. అదే ఊరు 2021 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు వచ్చేసరికి పాఠం నేర్చుకుంది. విమానంలో తోటి ప్రయాణికుడికి పాజిటివ్ వస్తే 72 మంది టెన్నిస్ ఆటగాళ్లను రెండు వారాలు గది గడప దాటనివ్వలేదు. వాళ్లు గోడకేసి బంతి కొట్టుకుంటూ వీడియోలు పెట్టారు. కొందరు విసుక్కున్నారు కూడా.

ఆట కూడా లెక్కలోకి రావాలి. క్రికెట్‌లో బంతికి ఉమ్ము రాయొద్దని 2020 జూన్‌లో ఐసీసీ నిషేధించింది, దాని మీద నెలల తరబడి చర్చలు నడిచాయి. ఆరుబయట, ఎండలో, బారెడు దూరంలో నిలబడి ఆడే ఆటలో బంతి మీది ఉమ్ము చిన్న విషయం. డ్రెస్సింగ్ రూమ్, బస్సు, భోజనాల బల్ల, ఫిజియో బల్ల, ఇవి పెద్దవి. ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ మ్యాచ్‌ల వీడియోలు ఫ్రేము ఫ్రేముగా చూసిన పరిశోధకులు, ఒకరి మీద ఒకరు పడి ఆడే ఆ ఆటలో కూడా మైదానంలో అంటుకోవడం చాలా అరుదని, కలిసి కార్లలో వెళ్లడం, బయట కలుసుకోవడం లాంటివే ఎక్కువ కేసులకు కారణమని తేల్చారు. 2021 సెప్టెంబరులో మాంచెస్టర్‌లో భారత్, ఇంగ్లండ్ ఐదో టెస్టు మొదలయ్యే రోజున రద్దయింది. పాజిటివ్ వచ్చింది ఆటగాడికి కాదు, సహాయక ఫిజియోకి. అప్పటికే అతను చాలామంది ఆటగాళ్ల కండరాలు పిసికి ఉన్నాడు.

కబడ్డీకి మాత్రం ఈ ఆరుబయట సౌకర్యం లేదు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున్న మ్యాట్. రైడర్ గీత దాటుతూ కూత మొదలుపెడతాడు. 30 సెకన్ల పాటు గొంతెత్తి, ఆపకుండా. ఎదురుగా ఏడుగురు చేతులు పట్టుకుని గొలుసు కట్టి నిలబడతారు. అతను కాలు చాపుతాడు, మూల డిఫెండర్ చీలమండ పట్టేస్తాడు, మిగతావాళ్లు మీద పడతారు. అయిదారు ముఖాలు జానెడు దూరంలో ఉంటాయి, అన్నీ ఎగశ్వాసతో. ఎంత గట్టిగా పలికితే నోటి నుంచి అంత ఎక్కువ తుంపరలు వస్తాయన్నది తెలిసిందే. ఈ ఆటలో మాస్కు, ఎడం అనే మాటలకు చోటు లేదు. మ్యాట్ మీదికి వచ్చే పద్నాలుగు మందిలో ఎవరికీ వైరస్ లేకుండా చూడటమే మార్గం. అందుకే ప్రో కబడ్డీ 2020లో అసలు జరగలేదు. 2021 డిసెంబరు 22న బెంగళూరులో మొదలైన ఎనిమిదో సీజన్‌ను ఒకే హోటల్లో పెట్టారు. 12 జట్లూ ఆ హోటల్లోనే ఉన్నాయి, మ్యాట్ కూడా ఆ హోటల్ హాల్లోనే వేశారు. బస్సు లేదు, ప్రేక్షకులు లేరు. ఇంత చేసినా జనవరిలో ఒమిక్రాన్ వచ్చి రెండు జట్లు 12 మంది ఆటగాళ్లను కూడా దించలేని స్థితికి వచ్చాయి. షెడ్యూలు సడలించి, మ్యాచ్‌లు జరిపి, ఫిబ్రవరి 25న ముగించారు. తెలుగు టైటాన్స్ ఆఖరి స్థానంలో నిలిచింది, దానికి మాత్రం వైరస్‌ను తిట్టి లాభం లేదు.

అదే జనవరి తొలి రోజుల్లో తిరుపతి ఇందిరా మైదానంలో జాతీయ స్థాయి కబడ్డీ పోటీలు జరిగాయి. బెంగళూరుది మూసిన హాలు, తిరుపతిది ఆరుబయలు. గాలి విషయంలో తిరుపతే మేలు. మిగతా విషయాల్లో మాత్రం కాదు: ఇందిరా మైదానం ఊరి నడిబొడ్డున ఉంది, బస చేసే చోటు నుంచి మైదానానికి బండెక్కి రావాలి. మహమ్మారి కాలంలో వృత్తి క్రీడాకారులతో నెల రోజుల టోర్నీ ఇక్కడ పెట్టాలంటే దానికన్నా నయమైన చోటు ఊళ్లోనే ఉంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణలో తారకరామ స్టేడియం ఉంది, నడిచి వెళ్లేంత దూరంలో హాస్టళ్లున్నాయి. తరగతులు మూతపడ్డ నెలల్లో అవి ఖాళీ. స్టార్ హోటల్ సోకు ఉండదు, ఉమ్మడి బాత్‌రూములు పెద్ద ఇబ్బంది, వాటిని జట్లవారీగా విడగొట్టాలి. కానీ బస్సు తప్పుతుంది, లిఫ్టు తప్పుతుంది, కిటికీలు తెరుచుకుంటాయి. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, మైదానం సిబ్బంది ఒక హాస్టల్లోనే ఉండిపోవచ్చు. టీవీ కళ్లకు అందంగా కనిపించే హోటల్ కన్నా కిటికీ తెరుచుకునే గది మంచిదన్న సంగతి ఫ్రాంచైజీలకు చెప్పి ఒప్పించడం మాత్రం కష్టమే.

ఇంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఆసుపత్రుల సంగతి. ఉప్పెన సమయంలో తిరుపతిలో శ్రీనివాసం, విష్ణు నివాసం, తిరుచానూరు పద్మావతి నిలయం లాంటి యాత్రికుల వసతి గృహాలే కొవిడ్ కేంద్రాలయ్యాయి. చిత్తూరు, కడప జిల్లాల రోగులు కూడా రుయా, స్విమ్స్ గుమ్మాల ముందే నిలబడ్డారు. 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ సరఫరా కొద్ది నిమిషాలు తడబడి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. ఐపీఎల్ ఆగి అప్పటికి ఆరు రోజులు. అలాంటి వారంలో ఒక టోర్నీ కోసం అంబులెన్సునో, రెండు ఐసీయూ పడకలనో, రోజుకు కొన్ని వందల ఆర్టీపీసీఆర్ పరీక్షలనో పక్కన పెట్టడం ఎంత పకడ్బందీ బబుల్‌తోనూ సమర్థించుకోలేనిది. ల్యాబ్‌లో ఆటగాడి రిపోర్టు ఆరు గంటల్లో, వార్డులో రోగి రిపోర్టు మూడు రోజుల్లో వచ్చే ఊళ్లో టోర్నీ పెట్టకూడదు. ఎన్ని కేసుల దగ్గర, ఎన్ని పడకలు మిగిలినప్పుడు ఆట ఆపేస్తారన్నది మొదటి మ్యాచ్‌కు ముందే రాసి పెట్టుకోవాలి. 2021లో కేసులు లక్షల్లో పెరుగుతున్నా ఆట నడిచింది, జట్లలో పాజిటివ్‌లు బయటపడ్డాకే ఆగింది.

టీకాలు వచ్చాక క్షేమం అనే మాటకు కొలత మారింది. 2022 ఐపీఎల్‌ను ముంబై, పుణె పరిసరాల్లోని నాలుగు మైదానాలకే కుదించి లీగ్ మ్యాచ్‌లు ఆడించారు, కొంత మేరకు జనాన్నీ రానిచ్చారు. ఢిల్లీ జట్టులో కేసులు వచ్చాయి. వచ్చినవాళ్లను విడిగా ఉంచి, రెండు మ్యాచ్‌ల వేదికలు మార్చి, టోర్నీ నడిపారు. సున్నా కేసులే గురి అనుకున్న 2020 నాటి పద్ధతి పోయి, కేసు వస్తే ఎంత త్వరగా పట్టుకుంటాం, ఎంతమందికి పాకకుండా ఆపుతాం అన్నది గురి అయింది. ఆ పద్ధతికీ ఇంటికెళ్లేవాళ్ల లెక్కే ఆధారం. జ్వరం వచ్చిందని చెబితే రోజు కూలి పోతుందనుకునే మనిషి ఆ మాట చెప్పడు, మాత్ర వేసుకుని పనికి వస్తాడు. కాబట్టి బడ్జెట్‌లో స్వాబ్ కిట్ల పద్దు కింద ఇంకో పద్దు ఉండాలి: జబ్బు పడ్డ రోజులకు వంటమనిషికి, స్వీపరుకు, డ్రైవరుకు కోత లేని జీతం, వాళ్లు లోపలే ఉండిపోయిన రోజులకు ఇంటికి పంపే అదనపు భత్యం. ముప్పై మందికి నెల రోజులు లెక్కేసినా అది ఒక మంచి రైడర్ వేలం ధరలో చిన్న ముక్కే.